మేనత్తకు కానుకగా నర్సు టోపీ

ప్రశ్న: మా మేనత్త 1970ల చివర్లో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో శిక్షణ పొంది, ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశారు. స్కూల్లో ఇచ్చిన తెల్ల టోపీ ఇల్లు మారేటప్పుడు పోయిందని ఇప్పటికీ బాధపడుతుంటారు. వచ్చే మే 12న, నర్సుల దినోత్సవం నాడు, అలాంటి టోపీ ఒకటి ఆవిడకు ఇవ్వాలని నా కోరిక. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎర్ర ప్లస్ గుర్తు వేసిన పల్చటి టోపీ వచ్చింది. పాతకాలపు టోపీ ఎక్కడైనా దొరుకుతుందా? లేకపోతే కుట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీకు వచ్చినది పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి పనికివచ్చే టోపీ. దానిని మీ మేనత్తగారికి చూపించకండి. ఆ ఎర్ర గుర్తు రెడ్‌క్రాస్ సంస్థ చిహ్నం. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దానిని వాడకూడదు. ఆవిడ పెట్టుకున్న టోపీ మీద ఆ గుర్తు ఉండి ఉండదు. ఉంటే గింటే ఒక నల్ల పట్టీయో, రంగు పట్టీయో ఉంటుంది, అంతే.

విదేశాల నుంచి పాత టోపీ తెప్పించాలన్న ఆలోచన ఉంటే అది కూడా మానుకోమంటాను. అమెరికాలో దాదాపు ప్రతి నర్సింగ్ స్కూలుకూ తనదైన టోపీ ఉండేది. ఫిలడెల్ఫియా జనరల్ ఆసుపత్రి వారి టోపీకి రెండు వరుసల కుచ్చులు ఉండేవి, దానిని చూడగానే ఆ నర్సు ఎక్కడ చదువుకున్నదో తోటివారికి తెలిసిపోయేది. అలాంటిది ఎంత అందంగా ఉన్నా మీ మేనత్తగారికి అది పరాయి స్కూలు టోపీయే అవుతుంది. మన దగ్గర కూడా శిక్షణలో తొలి దశ దాటిన పిల్లలకు దీపాలు వెలిగించి, పెద్ద సిస్టర్ల చేతుల మీదుగా టోపీ పెట్టించే వేడుక చాలా స్కూళ్లలో జరిగేది. నేనూ ఆ వరుసలో తల వంచి నిలబడినదానినే కాబట్టి చెబుతున్నాను: కష్టపడి సంపాదించుకున్న టోపీ పోతే, దాని స్థానంలో ఏదో ఒక టోపీ సరిపోదు.

అందుచేత మొదట ఫొటో సంపాదించండి. బ్యాచ్ గ్రూప్ ఫొటో ఆవిడ దగ్గర లేకపోయినా తోటి సిస్టర్లలో ఎవరో ఒకరి దగ్గర తప్పక ఉంటుంది. ముందు మడత ఎంత ఎత్తు ఉంది, అంచులు రెక్కల్లా విచ్చుకున్నాయా, పట్టీలు ఎన్ని, ఏ రంగు అన్నవి చూడండి. పట్టీల లెక్క స్కూలుకూ ఆసుపత్రికీ మారుతుంది, ఒకచోట చదివే సంవత్సరానికి గుర్తయితే మరొకచోట హోదాకు గుర్తు. ఊహించి ఒకటి ఎక్కువ వేయించడం కంటే అసలు వేయించకపోవడమే మేలు. పెద్ద ఆసుపత్రుల దగ్గరి యూనిఫాం దుకాణాల్లో ఒకసారి అడగండి. ఫొటోలోని తీరుకు సరిపోయేది కనిపిస్తే మీ పని అయిపోయినట్టే.

దొరకకపోతే నిశ్చింతగా కుట్టించండి. రెండు టోపీలకు ఒక మీటరు దళసరి తెల్ల కాటన్ పాప్లిన్ చాలు. పాలియెస్టర్ కలిసిన గుడ్డ గంజి సరిగా పట్టదు కాబట్టి వద్దు. గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తిరించాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. ముందుగా వార్తాపత్రిక కాగితంతో నమూనా చేసుకోండి. 45 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ముక్కతో మొదలుపెట్టి, ముందు అంచును 8 సెంటీమీటర్లు పైకి మడిచి, ఆ మడత రెండు కొసలనూ వెనక్కి తెచ్చి ఒకదానిపై ఒకటి వేసి పిన్ను పెట్టి, మిగిలిన పై భాగాన్ని చిన్న కుచ్చులుగా వాటి మీదికి దించితే టోపీ ఆకారం వస్తుంది. ఫొటోతో పోల్చి కొలతలు సరిచేసుకున్నాక, అంచు కుట్టుకు నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు వదిలి దర్జీకి ఇవ్వండి. ముందు అంచు కుట్టును మాత్రం మిగతా మూడు అంచులకు ఎదురు వైపుకు తిప్పమని గట్టిగా చెప్పండి. ఆ అంచు పైకి మడిచినప్పుడు గుడ్డ లోపలి వైపే బయటికి కనబడుతుంది. ఇది మరచిపోతే కుట్టు నుదుటి మీద బయటపడుతుంది.

ఇక అసలు పని గంజిది. లోపల బక్రం అనే బిరుసు గుడ్డ పెట్టి కుడతానని దర్జీ అంటే ఒప్పుకోకండి, గంజి పెట్టిన గుడ్డకు వచ్చే నిగారింపు దానికి రాదు. అన్నం వార్చిన గంజిలో మెతుకులు అంటుకుంటాయి కనుక రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం పిండిని చన్నీళ్లలో కలిపి, పావు లీటరు నీళ్లలో పోసి, పారదర్శకంగా అయ్యేదాకా కాచి, పల్చటి గుడ్డలో వడకట్టి, టోపీ గుడ్డను అందులో ముంచి తీయండి. మా హాస్టల్లో రాత్రి భోజనాల తరువాత తడి టోపీని పెట్టె మూత మీదో, అద్దం మీదో పరిచి, గాలి బుడగ ఒక్కటి లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకు నెట్టి అతికించేవాళ్లం. తెల్లవారేసరికి అదే ఊడివచ్చేది, అద్దానికి ఆనిన వైపు పింగాణీలా మెరిసేది. మీరు అద్దం మీదే ఆరబెట్టండి, టోపీ లోపలి వైపు అద్దానికి ఆనాలి, ఎందుకంటే మడిచినప్పుడు ముందుకు వచ్చేది ఆ వైపే. పూర్తిగా ఆరిన తరువాత, మడత రావలసిన చోట తడి వేలితో గీత గీసి, స్కేలు అంచు ఆనించి మడవాలి, కానీ ఆ పని మీరు చేయకండి, ఎందుకో చివర చెబుతాను. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి, గంజి పులిసి వాసన వేస్తుంది.

నల్ల వెల్వెట్ పట్టీ కావలసి ఉంటే దానిని మిషను మీద కుట్టించవద్దు, ఉతికినప్పుడు రంగు దిగి తెల్ల గుడ్డ పాడవుతుంది. అమెరికా నర్సులు ఆసుపత్రిలో వాడే, నీటిలో కరిగే జారుడు జెల్లీ (లూబ్రికేటింగ్ జెల్లీ) కొద్దిగా రాసి అతికించుకుని, ఉతికే ముందు ఊడదీసేవారు. అది బాగా పనిచేస్తుంది, నాలుగు పచ్చి కుట్లు వేసినా చాలు.

రెండు టోపీలు కుట్టించమన్నది ఊరికే కాదు. గంజి పట్టిన గుడ్డను దాచిపెడితే పురుగులు కొడతాయి, కొన్నాళ్లకు పసుపు పట్టి మడతల దగ్గర చీలుతుంది. ఒకటి గంజి లేకుండా, ఉతికి ఆరబెట్టి, తెల్ల నూలు గుడ్డలో చుట్టి ఇవ్వండి, అది దాచుకోవడానికి. రెండవదానికి గంజి పెట్టి, మడవకుండా, అట్ట మీద బల్లపరుపుగా ఉంచి, పక్కన వెనుక కొసలు కలిపేందుకు ఒక బొత్తామూ, జుట్టుకు పెట్టుకునేందుకు నాలుగు తెల్ల పిన్నులూ పెట్టి ఇవ్వండి. మడత ఆవిడనే పెట్టనివ్వండి.