నాన్నకు ఇంకా చెప్పలేదు

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాన్నకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. రెండేళ్లుగా ప్రోగ్రామింగ్ పోటీలకు సాధన చేస్తున్నాను. నా రూమ్‌మేట్, మా క్లాసు అబ్బాయి ఒకడు, నేను జట్టుగా ఆన్‌లైన్ వడపోత దాటి, కాలేజీ జట్లకు జరిగే అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐ.సి.పి.సి. ప్రాంతీయ దశకు కేరళలోని అమృతపురి వెళ్లాం. ఖర్చులకు నాన్న అయిదు వేలు పంపారు. అక్కడ ఒక్క ప్రాబ్లమ్ మాత్రమే చేయగలిగాం. రెండోది తేలికైనదే. జతలు లెక్కపెట్టడం అంతే. చాలా జట్లు చేసేశాయి. కీబోర్డు దగ్గర నేనే ఉన్నాను. గంటకు పైగా కూర్చుని అయిదుసార్లు సబ్మిట్ చేస్తే అయిదుసార్లూ తప్పనే వచ్చింది. ఒక్కోదానికి 20 నిమిషాల చొప్పున నా వల్ల జట్టుకు 100 నిమిషాల పెనాల్టీ పడింది. పెద్ద అంకెలు పట్టే లాంగ్ లాంగ్ అని ఉండాల్సిన చోట, చిన్నవే పట్టే ఇంట్ అని కోడ్‌లో రాశానని బయటికి వచ్చాక తెలిసింది. తిరుగు రైల్లో ఎవరూ మాట్లాడలేదు. పూర్తిచేసిన ప్రాబ్లమ్‌కు ఒకటి చొప్పున ఇచ్చే బెలూన్లలో మాకు వచ్చిన ఆ ఒక్కదాని గాలి తీసి నోటుబుక్కులో పెట్టుకున్నాను. రూమ్‌మేట్ ఇప్పటికీ అవసరమైతేనే మాట్లాడుతోంది. ఒక సీనియర్ "ముగ్గురూ అబ్బాయిలే అయితే ఇలా అయ్యేది కాదు" అన్నాడు. వచ్చిన మూడో రోజు కోడ్‌ఫోర్సెస్ అనే ప్రోగ్రామింగ్ పోటీల వెబ్‌సైట్‌లో పోటీ రాస్తే రేటింగ్ 1,236 నుంచి 1,171కి పడింది. ఆకుపచ్చగా ఉండే నా పేరు బూడిద రంగుకు మారిపోయింది. నాన్న రోజూ రాత్రి ఏడింటికి ఫోన్ చేసి "ఫలితం వచ్చిందా పాపా" అని అడుగుతారు. పన్నెండు రోజులుగా ఇంకా రాలేదనే చెబుతున్నాను. ల్యాప్‌టాప్ తెరవబోతే కడుపులో తిప్పుతోంది. నాకు ఈ రంగం పనికిరాదేమో.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పోటీ గురించి రాశావనుకున్నాను. రెండోసారి చదివితే ప్రతి వాక్యం వెనకా ఒక మనిషి కనిపించారు. ఎదుటి మంచం మీద ముఖం తిప్పుకుని పడుకునే స్నేహితురాలు, నోరు పారేసుకున్న సీనియర్, ఏడింటికి ఫోన్ పట్టుకునే నాన్న. పోటీ అయిదు గంటల్లో ముగిసింది. ఆ తర్వాత ఎవరితోనూ ఎవరూ నోరు విప్పని ఈ పన్నెండు రోజులే నిన్ను తినేస్తున్నాయని నాకు అనిపిస్తోంది.

ముందు నీ లెక్క ఒకటి సరిచేయాలి. మా అక్క కొడుకు చదువుకునే రోజుల్లో ఈ పోటీలు రాసినవాడు. నీ ఉత్తరం వచ్చాక అతన్ని కూర్చోబెట్టి నియమాలన్నీ అడిగాను. తప్పు సబ్మిషన్‌కు 20 నిమిషాలు కలిపేది ఆ ప్రాబ్లమ్ చివరికి సరిగ్గా పూర్తయితేనే అట. పూర్తికాని దానికి ఎన్నిసార్లు తప్పు పంపినా జట్టు సమయానికి ఒక్క నిమిషం కూడా కలవదు. అంటే నువ్వు మోస్తున్న ఆ 100 నిమిషాలు స్కోరు బోర్డు మీద ఎక్కడా లేవు. రెండేళ్లు సాధన చేసినదానివి, ఈ నియమం నీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. నీ మీద నువ్వే ఫిర్యాదు రాసుకుంటూ దాన్ని మరిచిపోయావు. నొచ్చిన మనసు వేసే లెక్కలు ఇలాగే ఉంటాయి, అందుకే వాటిని ఇంకొకరికి చూపించాలి.

ఇంకొకటి కూడా గమనించాను. ఆ ఒక్క ప్రాబ్లమ్ ఎవరు చేశారో నువ్వు రాయలేదు. కీబోర్డు దగ్గర నేనే ఉన్నానన్నావు కాబట్టి, బెలూన్ తెచ్చిన ఆ కోడ్‌ను టైప్ చేసిన చేతులు కూడా నీవేనని నా అనుమానం. పోయినదాంట్లో నీ పేరు పెద్ద అక్షరాలతో రాసుకుని, వచ్చినదాంట్లో కొట్టేసుకున్నావు.

నష్టం ఏమీ జరగలేదని నేను అనను. ముగ్గురికి కలిపి ఒకే కంప్యూటర్ ఇస్తారు. అందులో గంటకు పైగా ఆ ఒక్క ప్రాబ్లమ్‌కే పోయింది, తప్పు నీ చేతి నుంచే వచ్చింది. అది ఎలాంటి తప్పో కూడా అక్క కొడుకు కాగితం మీద వేసి చూపించాడు. 2,00,000 మందిలో ఇద్దరిద్దరిని జత కడితే దాదాపు 2,000 కోట్ల జతలు వస్తాయి. ఇంట్ అనే గంపలో పట్టేది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకే. అంతకు మించి పోస్తే గంప పొంగినట్టు కూడా చెప్పదు, లోపల ఉన్న అంకెనే మార్చేస్తుంది. ప్రశ్నపత్రంలో ఇచ్చిన నమూనాలో చిన్న అంకెలే ఉంటాయి కాబట్టి అక్కడ జవాబు సరిగ్గానే వస్తుంది. అందుకే ఎంత వెతికినా నీకు దొరకలేదు. అదే కోడ్ మిగతా ఇద్దరి కళ్ల ముందు కూడా గంటకు పైగా ఉంది. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇంగ్లీషులో మూడే అక్షరాల ఆ మాట ముగ్గురి కళ్లూ దాటిపోయింది కదా, నువ్వు మాత్రం ఒక్కదానివే మోస్తున్నావు.

మన తిరుపతి జిల్లాలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే కొత్త చిన్న రాకెట్ మొదటిసారి ఎగిరింది. రెండో దశ విడిపోయేటప్పుడు క్షణంపాటు గట్టి కుదుపు వచ్చింది. సెన్సర్లు బాగానే ఉన్నా, ఆ కుదుపులో వాటి అంకెలు చూసి, అవి చెడిపోయాయని రాకెట్‌లోని సాఫ్ట్‌వేర్ తీర్మానించుకుంది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహాలు, ఒక వైపు 76 కిలోమీటర్ల దాకా దిగివచ్చే కక్ష్యలో పడి దక్కకుండా పోయాయి. అందులో ఒకటి ఆజాదీశాట్. 75 పాఠశాలల్లో చదివే 750 మంది ఆడపిల్లలు దాని పరికరాలు తయారుచేశారు. ఆ పిల్లల తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు.

ఇస్రో ఆ తర్వాత చేసిన పని నువ్వు చూడాలి. కారణాన్ని ఎంత సన్నగా గీయవచ్చో అంత సన్నగా గీసి బయటపెట్టింది. ఏ దశలో, ఎన్ని క్షణాలు, ఏ తర్కం వల్ల అని రాసుకుంది. విడిపోయే ఏర్పాటును, సాఫ్ట్‌వేర్ తర్కాన్ని మార్చింది. 2023 ఫిబ్రవరి 10న అదే శ్రీహరికోట నుంచి రెండో రాకెట్ ఆజాదీశాట్-2ను అనుకున్న కక్ష్యలో పెట్టింది. ఈ రాకెట్ పనికిరాదని రాసుకుని ఉంటే మార్చడానికి ఏమీ దొరికేది కాదు. "నాకు ఈ రంగం పనికిరాదేమో" అన్న నీ వాక్యంతో నాకు పేచీ అక్కడే. ఆ వాక్యం పట్టుకుని రేపు పొద్దున నువ్వు చేయగల పని ఒక్కటీ లేదు. "అంకెల హద్దులు చూడకుండా టైప్ మొదలుపెట్టాను" అని రాసుకో, చేయాల్సిన పని వెంటనే కనిపిస్తుంది.

ఆ సీనియర్ మాట చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఇంట్‌కు ఆడ, మగ తేడా తెలియదు. అతనికి రేటింగుతో జవాబు చెప్పాలని మాత్రం బయలుదేరకు. మూడో రోజే ఆ పోటీకి కూర్చోవడంలో ఆ పంతం కొంత ఉందని నా ఊహ. ఎదురుపడినప్పుడు ఒక్కసారి, గొంతు పెంచకుండా చెప్పు: "ఆ రోజు మీరన్న మాట తప్పు. ఇంకోసారి అనకండి." మళ్లీ అంటే మీ జట్టుకు కోచ్‌గా ఉన్న అధ్యాపకులకు చెప్పు. అది చాడీ కాదు, నీ హక్కు.

రేటింగ్ గురించి ఎక్కువ రాయను. 1,200 దగ్గర గీత ఉంది కాబట్టి రంగు మారింది. అదే 65 పాయింట్లు 1,300 నుంచి 1,235కి పడి ఉంటే నీ పేరు ఆకుపచ్చగానే ఉండేది, నువ్వు నాకు ఆ సంగతి రాసేదానివే కాదు. ప్రయాణపు అలసటతో, సరిగ్గా తిండి లేకుండా, కూర్చుని ఎవరికో జవాబు చెప్పాలని రాసిన పోటీ అది. ఒక నెల రేటింగ్ పోటీలు ఆపు. చేతులు ఊరుకోకపోతే పాత పోటీలను వర్చువల్‌గా రాయి, అందులో రేటింగ్ మారదు.

నీ రూమ్‌మేట్ సంగతే నాకు వీటన్నిటికంటే ముఖ్యం. ఆమె కోపంగా ఉందని నువ్వు అనుకుంటున్నావు. అయి ఉండవచ్చు. పక్కనే కూర్చుని కూడా పట్టుకోలేకపోయానని తనలో తను కుమిలిపోతూ ఉండవచ్చు. నీ ముఖం చూసి, కదిలిస్తే ఏడుస్తావని ఊరుకుని ఉండవచ్చు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకే గదిలో ఉంటూ, ఎదుటి మనిషి నన్ను క్షమించలేదని ఇద్దరూ అనుకునేవాళ్లను ఎంతమందినో చూశాను. ఊహించడం మానేసి అడగాల్సిందే. ఆ నోటుబుక్కు తీసి, గాలి పోయిన బెలూన్‌ను ఆమె మంచం మీద పెట్టు. "ఇది నా దగ్గరే ఉంది" అను. మొదటి మాటకు అది చాలు. తర్వాత క్షమించమని ఒకే ఒక్కసారి అడుగు. పదిసార్లు అడిగితే నిన్ను ఓదార్చే పని ఆమె మీద పడుతుంది.

ఆ అబ్బాయిని కూడా పిలిచి ముగ్గురూ ఒక ఆదివారం ఏ టీ దుకాణం బల్ల దగ్గరో కూర్చోండి. అదే ప్రాబ్లమ్ తీసి, ఈసారి ఆమె టైప్ చేస్తుంటే నువ్వు పక్కన కూర్చుని హద్దులు పైకి చదువు. సరైన జవాబు ఎలా ఉంటుందో ముగ్గురూ కలిసి కళ్లారా చూడాలి. ఇకమీదట ఏది పంపాలన్నా టైప్ చేయనివాళ్లు ఒకసారి చదివాకే పంపాలని అక్కడే అనుకోండి. ఇద్దరిలో ఎవరైనా ఇక జట్టు వద్దంటే బాధగానే ఉంటుంది. ఆ మాట కూడా ఈ మౌనంకంటే నయం.

కడుపులో తిప్పడం గురించి. దిగులు ఒంట్లోకి దిగినప్పుడు అలా కావడం కొత్త కాదు. మాట్లాడాక తగ్గితే సరే. ఇంకో రెండు వారాలైనా తిండి, నిద్ర దారికి రాకపోతే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లు. ఒంటరిగా వెళ్లాలనిపించకపోతే రూమ్‌మేట్‌ను తోడు తీసుకెళ్లు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్క రాత్రి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక నాన్న. ఈ పోటీ ఏమిటో ఆయనకు అర్థం కాదని నువ్వు భయపడుతున్నావేమో. 2025 జూన్, జూలైలో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరిన సీజన్‌ను చూసిన ఊరు మీది. చేయాల్సినదంతా చేసి కూడా ఓడిపోవడం ఆయనకు ఒకరు నేర్పాల్సిన విషయం కాదు. అయితే అది ధర చేసిన అన్యాయం, నీది నీ పొరపాటు. రెండూ ఒకటేనని నిన్ను ఓదార్చను. కానీ పూత మీద తేనెమంచు పురుగు కనిపించినా, మందు రేపు కొడదాంలే అనుకుని రెండు రోజులు ఆలస్యం చేసి, సగం పూత పోగొట్టుకున్న రైతులు ఏ మామిడి ఊళ్లోనైనా ఉంటారు. సొంత పొరపాటుకు ఎంత మూల్యమో మామిడి రైతుకు తెలుసు. మరుసటి ఏడు ఆ చెట్టు కిందికే మళ్లీ వెళ్లాలని కూడా తెలుసు.

ఆయనకు ఇంట్, రేటింగ్, పెనాల్టీ ఏవీ చెప్పనక్కరలేదు. "నాన్నా, ఫలితం ఆ రోజే వచ్చింది. ఒక్కటే చేయగలిగాం. రెండోది నా చేతిలో పోయింది. మీకు చెప్పడానికి భయపడి ఇన్నాళ్లూ రాలేదన్నాను." ఈ నాలుగు మాటలూ ఒకే ఫోన్‌లో చెప్పాలి. ఫలితం ఈ రోజు చెప్పి, అబద్ధం సంగతి తర్వాత చూద్దామనుకుంటే అది ఎప్పటికీ గొంతులోనే ఉండిపోతుంది. చెప్పాక ఆగు. అటువైపు ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా అయిదు వేల గురించో, ఇంకోసారి గెలుస్తానన్న మాటో తెచ్చి దాన్ని నింపకు. ఆయన కోప్పడవచ్చు. ఓడినందుకు కాదు, రోజూ అడిగినా చెప్పనందుకు. ఆ కోపం న్యాయమైనదే, విను. పాల కేంద్రం దగ్గర నలుగురికీ చెప్పుకుని ఉంటే వాళ్లకు ఏం చెప్పాలో ఆయన చూసుకుంటారు, ఆ బరువు నీది కాదు.

ఇది నీ చేతికి అందేసరికి ఆ పన్నెండు రోజులు ఇంకా పెరిగి ఉంటాయి. ఆయన ఏడింటికి ఫోన్ చేస్తారన్నావు కదా. ఈ రోజు ఆరున్నరకు, ఆయన తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకు, నువ్వే చెయ్యి.