వృద్ధి కారకాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వలేరా?

ప్రశ్న: అల్జీమర్స్, మూర్ఛ వంటి వ్యాధుల గురించి చదివినప్పుడల్లా వృద్ధి కారకాలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏల ప్రస్తావన వస్తోంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి? వృద్ధి కారకం తగ్గితే దాన్నే మందుగా ఎక్కించవచ్చు కదా?

జవాబు: నాడీకణాలు బతకడానికీ, శాఖలు వేసి పక్క కణాలతో అనుసంధానమవడానికీ తోడ్పడే ప్రొటీన్లే మెదడులోని వృద్ధి కారకాలు. వృద్ధి కారకాల ఆవిష్కరణకు రీటా లెవీ మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ అందుకున్నారు. వీటిలో ఇప్పుడు ఎక్కువగా చర్చకు వచ్చేది బీడీఎన్‌ఎఫ్ అనే వృద్ధి కారకం. అల్జీమర్స్ రోగుల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో ఇది తగ్గినట్లు పరిశోధకులు గమనించారు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఒక్కో భాగం) పొడవుండే అణువులు. ఇవి స్వయంగా ప్రొటీన్లను తయారుచేయవు. ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి సూచనలు మోసుకొచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రొటీన్ తయారీకి బ్రేక్ వేస్తాయి. వీటిని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ లభించింది.

వృద్ధి కారకాలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కలిసే చోటు నాడీసంధి, అంటే ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోటు. అక్కడ ఎంఐఆర్-134 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, నాడీకణ శాఖల మీది సూక్ష్మమైన ముళ్లను పెంచే లిమ్‌కే1 ప్రొటీన్ తయారీని అణచి ఉంచుతుంది. బీడీఎన్‌ఎఫ్ చేరగానే ఆ పట్టు సడలి, తయారీ మొదలై, ముల్లు పెరుగుతుంది. మరోవైపు ఎంఐఆర్-206 వంటివి బీడీఎన్‌ఎఫ్ తయారీనే తగ్గిస్తాయి. అంటే అదుపు ఇరువైపులా ఉంది, అదీ ఆయా నాడీసంధి అవసరాన్ని బట్టి. మూర్ఛ విషయంలో ఇది మరింత ఆసక్తికరం: ఎలుకల్లో ఎంఐఆర్-134ను నిరోధించినప్పుడు తర్వాతి మూర్ఛలు గణనీయంగా తగ్గాయని 2012లో వెల్లడైంది.

ఇక మీ రెండో ప్రశ్న. రక్తంలోకి ఎక్కించిన బీడీఎన్‌ఎఫ్ రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను చాలినంతగా దాటలేదు, త్వరగా విచ్ఛిన్నమవుతుంది కూడా. నేరుగా మెదడులోకి పంపడమూ సులువు కాదు: పార్కిన్సన్స్ రోగుల మెదడులోకి సన్నని గొట్టాల ద్వారా జీడీఎన్‌ఎఫ్ అనే మరో కారకాన్ని పంపిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో ఫలితాలు వచ్చాయి. పైగా బీడీఎన్‌ఎఫ్ అతిగా ఉంటే నాడీకణాల ఉద్రేకం పెరిగి మూర్ఛకు దారితీయవచ్చు. అందుకే లోటును బయటినుంచి పూడ్చడం కన్నా, ఒక్కో చోట అదుపు తప్పిన బ్రేక్‌ను సరిచేయడమే ఆశాజనకమైన దారి అని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. రక్తంలోని బీడీఎన్‌ఎఫ్‌లో అధికభాగం ప్లేట్‌లెట్లలో నిల్వ ఉంటుంది కాబట్టి, రక్తపరీక్షలో వచ్చిన అంకెను మెదడులోని పరిస్థితికి కొలతగా భావించి మందులు మార్చుకోవద్దు.