నీడ పడే తడి నేలలో గడ్డికి బదులు ఏం వేయాలి?

గుంటూరులో ఇంటికీ ప్రహరీకీ మధ్య ఎండ తగలని తడి సందులో లాన్ ఎందుకు నిలవడం లేదని అడిగారు. గరిక జాతి లాన్‌కి రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. లేకపోతే పలచబడి, ఖాళీల్లో పాచి పడుతుంది.

నా ఓటు సరస్వతి ఆకుకే. నేల మీద పాకే సన్నటి తీగ, కణుపు మట్టిని తాకిన చోటల్లా వేరు దిగుతుంది. జానెడు దూరంలో తీగ ముక్కలు గుచ్చితే చాలు, తర్వాత కోత మిషన్ గొడవే లేదు. పచ్చడికీ పనికొస్తుంది (మురుగు చేరే చోటైతే తినకండి).

మరీ చీకటి మూలలో మనీప్లాంట్‌ని నేల మీదే పాకనివ్వండి. మీది నల్లరేగడైతే ముందు ఇసుక, పశువుల ఎరువు కలపండి. నీళ్లు నిలిస్తే మనీప్లాంట్ వేళ్లు కుళ్లుతాయి. రెండూ తొక్కుడికి ఆగవు, నడిచే దారిలో కడప బండలు పరవండి.

నర్సరీవాళ్లు వెడీలియా (పసుపు పూల పాకుడు మొక్క) అంటగడితే మాత్రం వద్దనండి. నీడలో పూలు అంతంతమాత్రమే, పాకడం మాత్రం పక్కవాళ్ల పెరటి దాకా.