క్రోనో కొనేముందు ఒక మాట, అల్లుడూ

చి. కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

తూటా వేగం కొలిచే ఆరు క్రోనోగ్రాఫ్‌ల లింకులు పంపి "ఏది కొనను మావయ్యా" అన్నావు. ఒక్క ముక్కలో తేలేది కాదురా, అందుకే కూర్చుని రాస్తున్నా. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా తుపాకీ జోలికి పోవద్దంటే విన్నావు, ఇదీ విను.

నీ దగ్గరున్న రైఫిళ్లు ఒక .22, కొత్తగా కొన్న 6.5 క్రీడ్‌మోర్. ఇప్పటికి కొట్టేది 100 గజాల్లోనే. ఆ దూరంలో తూటా వేగం సెకనుకి 20 అడుగులు అటూ ఇటూ అయినా కాగితం మీద కంటికి ఆనదు. అదే తేడా 1,000 గజాల దగ్గర అయిదారు అంగుళాలవుతుంది. కాబట్టి దూరం కొట్టాలనుకున్నా, తూటాలు సొంతంగా నింపుకోవాలనుకున్నా క్రోనో కావాలి, లేకపోతే ఆ డబ్బుతో తూటాలు కొనుక్కో. క్రీడ్‌మోర్ తూటాల పెట్టె మీద సెకనుకి 2,700 అడుగులని వేశారుగా అంటావేమో. అది చాలావరకు 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌తో కొలిచిన లెక్క. నీది 20 అంగుళాలు. 100 అడుగుల దాకా తగ్గినా ఆశ్చర్యపోకు.

నీ జాబితాలో చవకవి లైట్ సెన్సర్ రకం. వరసగా రెండు సెన్సర్లు ఉంటాయి. తూటా మొదటిదాని మీదుగా పోతే నీడ పడి గడియారం మొదలు, రెండోదాని మీద ఆగడం, అంతే లెక్క. సెన్సర్ల మధ్య దూరం ఒక్క అడుగే అయితే 2,700 వేగంతో పోయే తూటా దాన్ని సెకనులో పదివేలో వంతులు నాలుగు కూడా గడవకుండానే దాటేస్తుంది. మడిచే పరికరం కదా, మడత పూర్తిగా విప్పక ఆ అడుగులో అంగుళానికి పదహారో వంతు తేడా వచ్చిందనుకో, లెక్కలో 14 అడుగులు తప్పు. పైగా వెలుతురు చాలకపోయినా, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినా, లోపలి రేంజ్‌లో ట్యూబ్‌లైట్లున్నా అది తికమకపడుతుంది. దాన్ని గొట్టానికి 10, 15 అడుగుల ముందు పెట్టాలి, అంటే అందరూ కాల్పులు ఆపాక "రేంజ్ కోల్డ్" అని కేక వేసేదాకా అడుగు ముందుకు వెయ్యడానికి లేదు.

నా మొదటిది ఎలా పోయిందో చెప్పలేదు కదూ? స్కోప్‌లోంచి చూస్తే దారి శుభ్రంగా ఉంది, కొట్టాను. స్కోప్ చూపు గొట్టానికి దాదాపు రెండంగుళాల పైన ఉంటుందన్న సంగతి మరిచాను. చూపు పెట్టె పైనుంచి పోయింది, తూటా పెట్టెలోంచి పోయింది. తెరమీద చివరి అంకె కూడా మిగల్లేదు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆయన పద్ధతే నయం, చెక్కదిమ్మని లోలకంలా వేలాడదీసి, తూటా తగిలితే ఎంత ఊగిందో చూసి వేగం లెక్కకట్టాడు. దాన్ని కట్టిందే కొట్టడానికి! ఆయన ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటల పని మీద మన కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు.

రెండో రకం మాగ్నెటోస్పీడ్, బ్యారెల్ మూతికి పట్టీతో కట్టేది. వెలుతురుతో పని లేదు, నమ్మదగిన అంకెలిస్తుంది. కానీ మూతికి బరువు వేలాడితే తూటా పడే చోటు మారుతుంది. వేగం ఒకసారి, గ్రూపు (తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయో) ఇంకోసారి కొలుచుకోవాలి, అంటే తూటాల ఖర్చు రెండింతలు.

ఇక రాడార్లు. మొదటి తరం లాబ్‌రాడార్‌ని బెంచీ మీద పక్కన పెట్టి గురి చూపించాలి, తుపాకీ చప్పుడు విని మేలుకుంటుంది. పక్కవాడి తుపాకీకి మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నకుండా గ్యాస్‌ని పక్కలకి వదిలే మూతి బిగింపు) ఉంటే వాడి చప్పుడుకీ మేలుకోవచ్చు. 2023లో వచ్చిన గార్మిన్ జీరో సీ1 ప్రో అరచేతిలో పడుతుంది, వచ్చినప్పుడు 600 డాలర్లు. తుపాకీ పక్కన పెట్టి, రకం ఎంచుకుని కొట్టడమే. నా ఓటు దానికే. అది గొప్పదని కాదు, సర్దడానికి నిమిషం పట్టదు కాబట్టి ప్రతిసారీ బయటికి తీస్తావు. అరగంట సర్దాల్సినదైతే మూడోవారం నుంచి కారు డిక్కీలోనే ఉంటుంది.

ఏది కొన్నా 5 తూటాలు కొట్టి "ఎస్‌డీ 4 వచ్చింది మావయ్యా" అని ఫొటో పంపకు. ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, వేగాలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతున్నాయో చెప్పే అంకె. నిజంగా 10 ఉన్న తూటాలకి కూడా 5 తూటాలతో ఒకరోజు 4 రావచ్చు, మరోరోజు 16 రావచ్చు. 20 కొడితే చాలావరకు 7కీ 13కీ మధ్య తేలుతుంది. తూటాలు నింపడం మొదలెట్టాక ఇంకో సంగతి. వేగం ఊరికే రాదు, ప్రెషర్‌లోంచి వస్తుంది. తూటాలు నింపే పుస్తకంలో ఉన్న గరిష్ఠ వేగాన్ని నీ తూటా తక్కువ పౌడర్‌తోనే దాటేసిందంటే మురిసిపోకు, అక్కడే ఆపెయ్.

ఇప్పుడే ఏదీ ఆర్డర్ పెట్టకు. శనివారం పొద్దున్నే వచ్చెయ్, నా గార్మిన్‌తో నీ రెండు తుపాకులూ కొలుద్దాం. ఒక్కోదానికి ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి) 20 తూటాలు తీసుకురా, డ్యాష్‌బోర్డు మీద పెట్టకు, ఈ టెక్సస్ ఎండకి పౌడర్ వేడెక్కితే అంకెలు పెరుగుతాయి. అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది.

ఇట్లు,
మావయ్య