పెరోల్‌పై ఉన్నవారి ఎలక్ట్రానిక్ నిఘా రికార్డులు కావాలంటే కాంట్రాక్టుతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికాలో జైలు నుంచి పెరోల్‌పై, అంటే శిక్ష ముగియకముందే షరతులతో, బయటికి వచ్చినవారి కాలికి కట్టే జీపీఎస్ పరికరాల గురించి ప్రభుత్వం దగ్గర ఉన్న రికార్డులను ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, ఇవ్వబోమంటే ఏం చేయాలి. జైలు నుంచి వచ్చినవారికి ఇల్లూ ఉద్యోగమూ వెతకడంలో తోడ్పడే ఒక స్వచ్ఛంద బృందంలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ పనిలో భాగంగానే మా రాష్ట్ర జైళ్ల శాఖకు ఇలాంటి అభ్యర్థనలు పంపాను. కొన్నింటికి కాగితాలు వచ్చాయి, కొన్నింటికి నిరాకరణ లేఖలు వచ్చాయి. నేను న్యాయవాదిని కాను కాబట్టి వ్యవహారం కోర్టుదాకా వెళ్లే పరిస్థితి వస్తే న్యాయవాదిని సంప్రదించండి. అక్కడివరకు మీరు స్వయంగా చేయగలిగిన పని మాత్రం చాలా ఉంది.

ముందుగా ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) స్థాయిలో 1987 నవంబరు 1 తర్వాత జరిగిన నేరాలకు పెరోల్ అనేదే లేదు. దాని స్థానంలో వచ్చిన పర్యవేక్షిత విడుదలను కోర్టుల ప్రొబేషన్ కార్యాలయాలు చూసుకుంటాయి. ఫెడరల్ సమాచార స్వేచ్ఛ చట్టం కోర్టులకు వర్తించదు కనుక, ఆ దారిలో వెళితే తలుపు దగ్గరే ఆగిపోతారు. పెరోల్ ప్రధానంగా రాష్ట్రాల వ్యవహారం. అక్కడ కూడా షరతులు విధించేది ఒకరు, పరికరం కట్టి పర్యవేక్షించేది మరొకరు కావచ్చు. ఉదాహరణకు ఇల్లినాయ్‌లో షరతులు నిర్ణయించేది ప్రిజనర్ రివ్యూ బోర్డు, పర్యవేక్షణ రాష్ట్ర జైళ్ల శాఖది. టెక్సస్‌లోనూ బోర్డు వేరు, పెరోల్ విభాగం వేరు. పరికరం ఎవరికి కట్టాలన్న నిర్ణయానికి సంబంధించిన కాగితాలు బోర్డు దగ్గర, కాంట్రాక్టు, అలర్టులు, ఖర్చులకు సంబంధించిన కాగితాలు శాఖ దగ్గర ఉంటాయి కాబట్టి ఇద్దరికీ విడివిడిగా రాయడం మేలు. విచారణకు ముందు విడుదలైనవారి నిఘా, ప్రొబేషన్‌లో (జైలుకు బదులు షరతులతో బయటే) ఉన్నవారి నిఘా చాలాచోట్ల కౌంటీల, అంటే జిల్లా వంటి స్థానిక ప్రభుత్వాల, చేతిలో ఉంటాయి. వాటిని ఈ అభ్యర్థనతో కలపకండి.

ఏ చట్టం కింద అడుగుతున్నారో మొదటి వాక్యంలోనే రాయండి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం, ఒక్కో గడువు. ఇల్లినాయ్ 5 పనిదినాల్లో జవాబివ్వాలంటుంది. న్యూయార్క్ 5 పనిదినాల్లో కనీసం అందినట్టు తెలియజేయాలంటుంది. కాలిఫోర్నియా 10 రోజులిచ్చి, ప్రత్యేక పరిస్థితుల్లో మరో 14 రోజులు పొడిగించుకోనిస్తుంది. అయితే కాలిఫోర్నియాలో ఆ 10 రోజులు రికార్డులు చేతికిచ్చే గడువు కాదు, ఇస్తారో లేదో నిర్ణయించి చెప్పే గడువు. వర్జీనియా వంటి కొన్ని రాష్ట్రాలు తమ పౌరులకే ఈ హక్కును పరిమితం చేశాయి. అలా చేయవచ్చని 2013లో మెక్‌బర్నీ వర్సెస్ యంగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు వేరే రాష్ట్రంలో ఉన్నా, ఇంకా వీసా మీద ఉన్నా, మీరు రాయబోయే రాష్ట్రపు నిబంధనను ముందే చదవండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వానికి ప్రశ్నలు పంపకండి, కాగితాలు అడగండి. "మీ పరికరాలు ఎంత తరచుగా విఫలమవుతున్నాయి?" అన్నది ప్రశ్న. దానికి సమాధానం తయారుచేసి ఇవ్వాలని ఈ చట్టాలు సాధారణంగా శాఖను నిర్బంధించవు. ఉన్న రికార్డును చూపమని మాత్రమే నిర్బంధిస్తాయి. అయితే ఏ రికార్డు ఉందో, దాన్ని వాళ్లు ఏ పేరుతో పిలుచుకుంటారో బయటివారికి ఎలా తెలుస్తుంది? కాంట్రాక్టు ద్వారా తెలుస్తుంది. పరికరాలను రాష్ట్రాలు తయారుచేయవు, కంపెనీల నుంచి అద్దెకు తీసుకుంటాయి. ఈ రంగంలో పెద్దదైన బీఐ ఇన్‌కార్పొరేటెడ్‌ను ప్రైవేటు జైళ్లు నడిపే జియో గ్రూప్ 2011లో కొనుక్కుంది. కంపెనీ ఏదైనా, దానికీ రాష్ట్రానికీ మధ్య కుదిరిన ఒప్పందంలో రోజుకు ఒక్కో పరికరానికి అద్దె ఎంత, పోయినా విరిగినా ఎవరు కట్టాలి, అలర్టు వచ్చాక ఎన్ని నిమిషాల్లో ఎవరికి చెప్పాలి, సమాచారాన్ని ఎన్నేళ్లు దాచాలి, ఒప్పందం ముగిశాక అది ఎవరిది అన్న విషయాలు సాధారణంగా ఉంటాయి. అందుకే మొదటి అభ్యర్థనలో టెండరు ప్రకటన, గెలిచిన కంపెనీ సమర్పించిన ప్రతిపాదన, మూల్యాంకన మార్కుల పత్రాలు, కాంట్రాక్టు, దాని సవరణలు, అనుబంధాలు మాత్రమే అడగండి. ఇవి ప్రభుత్వ కొనుగోలు కాగితాలు కాబట్టి నిరాకరించడం కష్టం, వెతకడం సులువు. చాలా రాష్ట్రాలు నాస్పో వాల్యూపాయింట్ అనే ఉమ్మడి కొనుగోలు ఏర్పాటు ద్వారా ఈ సేవలు తీసుకుంటాయి. మీ రాష్ట్రం అందులో ఉంటే మూల ఒప్పందం ఆ సంస్థ వెబ్‌సైటులోనే దొరకవచ్చు. అప్పుడు మీ రాష్ట్రం విడిగా సంతకం చేసిన అనుబంధాన్ని, కొనుగోలు ఆర్డర్లను అడిగితే చాలు.

నా అనుభవంలో అన్నిటికంటే ఉపయోగపడినవి అనుబంధాలే. కంపెనీ ప్రతినెలా శాఖకు పంపాల్సిన నివేదికల పేర్లన్నీ అందులో ఒక పట్టికగా ఉన్నాయి. అంతకుముందు నేను "తప్పుడు అలర్టులకు సంబంధించిన నివేదికలు" అని అడిగినప్పుడు అలాంటి రికార్డులేవీ లేవని జవాబు వచ్చింది. ఆ పట్టికలో ఉన్న పేరునే, కాంట్రాక్టు సెక్షను సంఖ్యతో సహా ఉటంకించి మళ్లీ అడిగితే, నెలవారీ నివేదికలు వచ్చాయి. కంపెనీ వాటిని ఇవ్వలేదంటే అది ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే, ఇచ్చిందంటే అవి శాఖ దగ్గర ఉన్నట్టే. శాఖకు మూడో జవాబు మిగలలేదు.

రెండో అభ్యర్థన అలర్టుల గురించి ఉండాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి కేంద్రం అదే. పరికరం ఒక మనిషి ఎక్కడున్నాడో చెప్పడంతో ఆగదు. పట్టీని కత్తిరించినట్టు అనుమానం, బ్యాటరీ తగ్గుదల, సిగ్నల్ లేకపోవడం, వెళ్లకూడని ప్రాంతంలోకి ప్రవేశించడం, ఇంట్లో ఉండాల్సిన వేళ లేకపోవడం, వీటిలో ప్రతిదానికీ ఒక అలర్టు పుడుతుంది. అది ముందు కంపెనీ పర్యవేక్షణ కేంద్రానికి, అక్కడి నుంచి పెరోల్ అధికారికి వెళుతుంది. ఆ అధికారి దాన్ని మూసేయవచ్చు, ఫోన్ చేయవచ్చు, వారంటు కోరవచ్చు. మందపాటి కాంక్రీటు గోడలున్న గిడ్డంగిలో రాత్రి పని చేసుకునేవాడికి సిగ్నల్ పోవడం అతని తప్పు కాదు, కానీ తెరమీద అది కూడా అలర్టుగానే కనిపిస్తుంది. మా బృందం సాయం చేసినవారిలో అలాంటి అలర్టుల వల్ల ఉద్యోగం మధ్యలో వదిలి బయటికి వచ్చి నిలబడాల్సి వచ్చినవారు ఉన్నారు. ఎన్ని అలర్టులు వచ్చాయన్న సంఖ్య ఒక్కటే తెలిస్తే ప్రయోజనం తక్కువ. ఏ రకానివి ఎన్ని, ఎంతసేపట్లో మూసేశారు, ఏ కారణం చూపి మూసేశారు, ఎన్ని అరెస్టుదాకా వెళ్లాయి అన్నది తెలిస్తేనే ఈ పరికరం ప్రజలను కాపాడుతోందా, లేక బ్యాటరీ చార్జింగ్ చేసుకోలేకపోయినవాడిని మళ్లీ జైలుకు పంపుతోందా అన్నది చెప్పగలం.

ఇది ఊహాగానం కాదు. కాలిఫోర్నియా 2011లో తాను వాడుతున్న పరికరాలను పరీక్షించుకున్నప్పుడు బ్యాటరీలు ముందే అయిపోవడం, పరికరాల పైతొడుగులు పగలడం, చూపిన స్థానం 3 మైళ్ల దాకా తప్పడం బయటపడ్డాయని లాస్ ఏంజెలెస్ టైమ్స్ 2013లో రాసింది. రాష్ట్రం వేల పరికరాలను మార్చాల్సి వచ్చింది. కాబట్టి మీ జాబితాలో పరికరాల పరీక్షా ఫలితాలు, కంపెనీకి శాఖ పంపిన లోపాల నోటీసులు, జరిమానా లేదా బిల్లులో కోత విధించిన ఉత్తరాలు తప్పక చేర్చండి. వాటితోపాటు అలర్టులు వచ్చినప్పుడు అధికారులు పాటించాల్సిన విధాన పత్రాన్ని, శిక్షణ సామగ్రిని, స్థాన సమాచారాన్ని పోలీసు విభాగాలతో పంచుకునే ఒప్పందాలను కూడా అడగండి. చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. పెరోల్ కోసం సేకరించిన కదలికల చరిత్రను, దానికి సంబంధంలేని నేరం జరిగిన చోట ఎవరున్నారో వెతకడానికి వాడుతున్నారా లేదా అన్నది ఆ ఒప్పందాలతోనే తెలుస్తుంది.

కోర్టులు ఈ లోటును పూరిస్తాయని ఆశపడలేం. మనిషి సమ్మతి లేకుండా అతని శరీరానికి పరికరం తగిలించి కదలికలు గమనించడం అకారణ సోదాల నుంచి రక్షించే అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ కింద సోదాయే అని 2015లో గ్రేడీ వర్సెస్ నార్త్ కరోలినా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అది సమంజసమా కాదా అన్నది కింది కోర్టులకే వదిలింది. పెరోల్‌పై ఉన్నవారిని ఏ అనుమానమూ లేకుండానే సోదా చేయవచ్చని 2006లోనే శామ్సన్ వర్సెస్ కాలిఫోర్నియా తీర్పు వచ్చి ఉంది. రక్షణ ఇంత పలచగా ఉన్నచోట రికార్డులు బయటికి రావడం ఎంతో అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

డేటా అడిగేటప్పుడు పేర్లు, చిరునామాలు, స్థాన బిందువులు వద్దని మీరే రాయండి. ఒక్కో వ్యక్తికి యాదృచ్ఛికంగా ఇచ్చిన సంఖ్య, పరికరం కట్టిన తేదీ, తీసిన తేదీ, కౌంటీ, అలర్టు రకం, వచ్చిన సమయం, మూసిన సమయం, తీసుకున్న చర్య చాలు. దానివల్ల గోప్యత పేరుతో మొత్తాన్ని తిరస్కరించే అవకాశం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ కదలికలు ఎవరివో వాళ్లకు ఇంతవరకు జరిగిన అన్యాయం చాలు. పట్టికలోని గడుల పేర్లు, సంకేతాల అర్థాలు వివరించే పత్రాన్ని కూడా అదే ఉత్తరంలో అడగండి. అది లేకపోతే వచ్చిన ఫైలు చదవలేరు. పీడీఎఫ్ కాకుండా ఎక్సెల్ లేదా సీఎస్వీ రూపంలో ఇమ్మని స్పష్టంగా రాయండి.

నిరాకరణలు ఎక్కువగా మూడు కారణాలతో వస్తాయి. మొదటిది వ్యాపార రహస్యం. పర్యవేక్షణ కేంద్రపు పనితీరు పత్రాన్ని నేను అడిగినప్పుడు కంపెనీ అభ్యంతరం చెప్పిందంటూ శాఖ మొత్తం పత్రాన్ని ఆపేసింది. ఏయే పేజీల్లో ఏది రహస్యమో చూపమని, మిగతాది విడదీసి ఇమ్మని రాసినప్పుడు చాలా పేజీలు వచ్చాయి, కొన్ని పేరాలు మాత్రం నల్లగా కొట్టేసి ఉన్నాయి. 2019లో ఆర్గస్ లీడర్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీలకు అనుకూలంగా ఇచ్చిన తీర్పును ఉదహరిస్తే తొందరపడి వెనక్కి తగ్గకండి. అది ఫెడరల్ చట్టంలోని మినహాయింపు గురించి, మీ రాష్ట్ర చట్టంలోని మాటలు వేరుగా ఉండవచ్చు. రెండోది భద్రత. పరికరాన్ని ఎలా తప్పించుకోవచ్చో బయటపెట్టే భాగానికి ఈ వాదన న్యాయమే, ఖర్చుకీ అలర్టుల సంఖ్యకీ కాదు. మూడోది, ఆ రికార్డులు కంపెనీ దగ్గర ఉన్నాయి, మా దగ్గర లేవు అన్న జవాబు. ఇల్లినాయ్ చట్టం దీనికి సూటిగా సమాధానం చెబుతుంది: ప్రభుత్వం తరఫున ప్రభుత్వ విధిని నిర్వర్తించే కాంట్రాక్టరు దగ్గర ఉన్న సంబంధిత రికార్డు కూడా ప్రజా రికార్డే. ఇతర రాష్ట్రాల్లో, కాంట్రాక్టులోనే డేటా రాష్ట్రపు ఆస్తి అని రాసి ఉన్న నిబంధనను చూపండి. కాంట్రాక్టును ముందు తెప్పించుకోమన్నది ఇందుకు కూడా.

రుసుము అంచనా పెద్దదిగా వస్తే ఆ లెక్క ఎలా వచ్చిందో రాతలో అడగండి, అవసరమైతే కాలవ్యవధి తగ్గించండి. కాలిఫోర్నియాలో డేటాను ప్రత్యేకంగా వెలికితీయాల్సి వస్తే దాని ఖర్చు వసూలు చేయవచ్చు గానీ, పోలీసు వీడియోల విషయంలో రహస్య భాగాలను చెరిపే సమయానికి అభ్యర్థిపై బిల్లు వేయకూడదని 2020లో నేషనల్ లాయర్స్ గిల్డ్ వర్సెస్ హేవర్డ్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి బిల్లు వస్తే ఆ తీర్పు పేరు రాసి అడగవచ్చు.

అప్పీలు గడువులను మాత్రం నిరాకరణ అందిన రోజే రాసి పెట్టుకోండి. న్యూయార్క్‌లో 30 రోజుల్లో, పెన్సిల్వేనియాలో ఓపెన్ రికార్డ్స్ కార్యాలయానికి 15 పనిదినాల్లో, ఇల్లినాయ్‌లో అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) కార్యాలయంలోని పబ్లిక్ యాక్సెస్ కౌన్సెలర్‌కు 60 రోజుల్లో అప్పీలు వెళ్లాలి. టెక్సస్‌లో పద్ధతి తలకిందులు: రికార్డు ఆపాలనుకుంటే శాఖే 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. కాలిఫోర్నియాలో కోర్టే మార్గం, గెలిస్తే న్యాయవాది ఖర్చు శాఖే కట్టాలి.

చివరిగా, వచ్చిన ఫైళ్లను ఎవరికైనా పంపే ముందు దాచిన షీట్లు, దాచిన గడులు ఉన్నాయేమో తెరిచి చూడండి. శాఖలు అప్పుడప్పుడు పేర్లను, పుట్టిన తేదీలను తొలగించకుండా కేవలం కనిపించకుండా చేసి పంపుతాయి. అలాంటివి కనిపిస్తే ఆ ప్రతిని ఎవరితోనూ పంచుకోకుండా శాఖకు తెలియజేసి, శుభ్రం చేసిన ప్రతిని తెప్పించుకుని దానిమీదే పని చేయండి.