ఐదు సెంట్ల పెరటితోట: ఏడాది పొడవునా కూరగాయలు రావాలంటే?

సందేహం: మాది తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనుక ఐదు సెంట్ల నల్లరేగడి నేల, బోరు నీరు ఉన్నాయి. ఇంట్లో నలుగురం. తొలకరిలో బెండ, వంగ, బీర, సొర, గోంగూర, తోటకూర అన్నీ ఒకేసారి వేశాం. ఆగస్టు, సెప్టెంబరులో ఇరుగుపొరుగుకు పంచినా మిగిలిపోయాయి. దసరా దాటాక మళ్లీ బజారులోనే కొంటున్నాం. రెండో విడత వేసిన బెండ ఏపుగా పెరిగింది గాని కాపు లేదు. బీర, సొర పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోతున్నాయి. ఐదు కిలోల యూరియా కూడా వేశాం. దిగుబడి పెరగాలంటే ఇంకా ఏ ఎరువు వేయాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు ఆ యూరియా సంచి మూతి కట్టి పక్కన పెట్టండి. ఐదు సెంట్లకు ఐదు కిలోలంటే సెంటుకు కిలో. అదే లెక్కన ఎకరాకు 100 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు రెండింటికి పైగా ఒక్క విడతలో వేసినట్టు. పొలంలో అయితే మీరు ఆ పని చేయరు. పెరట్లో చేత్తో చల్లుతాం కాబట్టి ఎంత పడిందో తెలియదు. బెండ ఆకులు ముదురుపచ్చగా, వెడల్పుగా పెరిగి పూత తగ్గడానికి ఇదే ప్రధాన కారణం. ఆకు అడుగున పచ్చదోమ కూడా చేరి ఉంటుంది, తిప్పి చూడండి. లేత, మెత్తని ఆకు దానికి ఇష్టం. లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున 1500 పీపీఎం వేపనూనె కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయండి. ఈ పంటకు ఇక నత్రజని వద్దు.

ఇక అసలు విషయం. జాతీయ పోషకాహార సంస్థ సలహా ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మీ నలుగురికి రోజుకు 1.6 కిలోలు, నెలకు 50 కిలోల లోపు. బెండ ఎకరాకు 4 టన్నులు వచ్చినా సెంటుకు 40 కిలోలు. అది 50 రోజుల కోతల్లో చేతికి వస్తుంది. అంటే ఒక్క సెంటు బెండ మీకు రోజూ 800 గ్రాముల కాయ ఇస్తుంది. వారం తిరిగేసరికి పిల్లలు బెండకాయ పేరెత్తితేనే కంచం ముందు నుంచి లేచిపోతారు. మీకున్న సుమారు 240 గజాల స్థలం నలుగురికి చాలినంత ఉంది. అన్నీ ఒకేసారి వేయడం వల్ల ఒకేసారి కాసి, ఒకేసారి ముగిశాయి. ఇకపై బెండ పావు సెంటుకు మించి వేయకండి. అది పూతకు రాగానే మరో పావు సెంటులో విత్తండి. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర అయితే పదిహేను రోజులకోసారి ఒక్కో చిన్న మడి చాలు. తోటకూర గింజ సన్నం కాబట్టి పది రెట్లు ఇసుక కలిపి చల్లండి. లేకపోతే ఒకచోట గుంపుగా మొలిచి ఒకచోట ఖాళీ మిగులుతుంది.

మడి ఖాళీగా ఉన్న రోజులే మీకు అసలు నష్టం. టమాటా నారు 25–30 రోజులు, వంగ 30–35, మిరప 40 రోజులు నారుమడిలో ఉండాలి. పాత పంట పీకాక నారు పోస్తే ఆ నెల రోజులూ మడి ఎండలో పడి ఉంటుంది. పాత పంట ఇంకా కాస్తున్నప్పుడే ఒక మూలన 98 గుంతల ప్రోట్రేలో (నారు పెంచే ప్లాస్టిక్ పళ్లెం) కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు నింపి నారు పెంచుకోండి. మీ ఇంటికి పది టమాటా, ఎనిమిది వంగ, ఆరు మిరప మొక్కలు సరిపోతాయి. ఒక్క ట్రేలోనే అన్నీ సర్దుకుంటాయి. ఉదయం పాత మొక్క పీకి, సాయంత్రం కొత్త నారు నాటగలిగితే ఏడాదిలో ఒక్కో మడిపై మూడు, నాలుగు పంటలు తీయవచ్చు.

పాత మొక్క పీకేటప్పుడు మట్టి దులిపి వేళ్లు చూడండి. వేళ్ల వెంట ఉబ్బుగా బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులు. (చిక్కుడు, అలసంద వేళ్లపై మేలు చేసే బుడిపెలు కూడా ఉంటాయి. అవి వేరు పక్కన అతుక్కుని, గీరితే రాలిపోతాయి. నులిపురుగు బుడిపె వేరులోనే ఉబ్బి ఉంటుంది, రాలదు.) నులిపురుగు కనిపించిన మడిలో వరుసగా ఒక పంటకాలం బంతి వేయండి, పూలు ఎలాగూ పూజకు పనికొస్తాయి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. బెండ, గోంగూర మరొక కుటుంబం. ఒకే కుటుంబపు పంటను అదే మడిలో వెంటవెంటనే వేయకండి.

పిందెల గురించి. రాలిన పిందె ఒకటి తీసుకుని చాకుతో నిలువుగా కోయండి. లోపల తెల్లని పురుగులుండి, పైన సూది గుచ్చినట్టు చిన్న గాటు, దాని నుంచి జిగురు కారి ఉంటే అది పండుఈగ పని. రాలినవన్నీ రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి, తోటలో మగ ఈగలను ఆకర్షించే క్యూల్యూర్ ఎర ఒకటి కట్టాలి. లోపల శుభ్రంగా ఉండి, కొన నుంచి పసుపెక్కి ముడుచుకుంటే పుప్పొడి అందలేదన్నమాట. మీ వివరాలను బట్టి నాకు ఇదే అనుమానం. బీర, సొర పూలు విచ్చుకునేది సాయంత్రమే. బీరపూలు పూసే వేళ అని పొద్దు లెక్క చెప్పడం మీ పెద్దలకు అలవాటే కదా. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరిపోతాయి, ఊరి మధ్య పెరట్లో రెక్కల పురుగులూ తక్కువే. కాబట్టి దీపాలు పెట్టే వేళ మీరే ఆ పని చేయండి. సన్నని కాడపై ఉన్నది మగపువ్వు. రేకుల కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడుమ ఉన్న కీలాగ్రంపై మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. కాకర, దోస, గుమ్మడి అయితే ఇదే పని తెల్లవారుజామున చేయాలి. మందు కొట్టాల్సి వచ్చినా పూలు ముడుచుకుని ఉన్న వేళ చూసి కొట్టండి. గంధకం ఉన్న మందులు మాత్రం తీగజాతులపై వద్దు, ఆకులు మాడిపోతాయి. కొత్త పాదులు 2–4 ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి.

పందిరి ఎప్పుడూ తోటకు ఉత్తరం వైపే వేసుకోండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది. దక్షిణాన పందిరి వేస్తే మిగతా మడులన్నీ నీడన పడతాయి. పందిరి కింద పసుపు, అల్లం, చామ, పుదీనా వేయవచ్చు. సొర ఒక పాదు, బీర నాలుగు, కాకర రెండు మించి అక్కర్లేదు. దొండ తీగముక్కలు రెండు నాటితే రెండు మూడేళ్లు కాస్తుంది. కంచెపై తీగ చిక్కుడు కావాలంటే జూలై వరకు ఆగండి. పాత తీగ రకాలు పగటి పొడవు తగ్గితే గాని పూయవు. ఏడాదిలో ఎప్పుడైనా కాయాలంటే పొద చిక్కుడు అర్క జయ్ ఉంది. పొలం గట్ల వెంట జొన్న, మొక్కజొన్న రక్షక పంటగా వేయమని మేమే చెబుతాం గాని, ఆ సలహా ఐదు సెంట్లకు పట్టదు, ఎండను మింగేస్తాయి.

రేగడి కాబట్టి మూడడుగుల వెడల్పు, అర అడుగు ఎత్తు మడులు చేసుకుని మధ్య అడుగు దారి వదలండి. మడిలో కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. తొక్కిన రేగడి ఆరితే రాయే. పంట మార్చినప్పుడల్లా సెంటుకు 100 కిలోల లెక్కన బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలపండి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు వస్తాయి.

ఈ నవంబరులో ఖాళీ మడుల్లో పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి వేయండి. టమాటా నారు ఇప్పుడే పోయండి, వాతావరణం అనుకూలం. చలిలో బెండ సరిగా మొలవదు. జనవరి రెండో పక్షంలో అర్క అనామిక వంటి, ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులును కొంత తట్టుకునే రకం విత్తండి. తీగజాతులు డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి వరకు విత్తుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో టమాటా పూత నిలవదు కనుక ఆ మడుల్లో గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర పెట్టుకోండి.

కోతలో బద్ధకం వద్దు. బెండ రోజు విడిచి రోజు కోయాలి. గింజ కట్టిన కాయ ఒక్కటి మొక్కపై మిగిలినా కొత్త పూత తగ్గుతుంది. విత్తనానికి కావాలంటే ఒక మొక్కను వేరుగా గుర్తు పెట్టి దాన్ని ముట్టకండి.

తొలకరి వంగను పీకేశారా, ఇంకా ఉందా? మీరు రాయలేదు. ఉంటే పీకకండి. వాలిపోయిన కొమ్మలు, పురుగు పట్టి పుచ్చిన కాయలు ఏరి కాల్చివేసి, మొక్కను నేల నుంచి అడుగు ఎత్తులో కత్తిరించి, మొదట్లో రెండు దోసిళ్ల పశువుల ఎరువు వేసి నీరు పెడితే కొత్త చిగుళ్లు వేసి కార్శి పంటగా మళ్లీ కాస్తుంది.