కొత్తగా సూపర్‌వైజర్ అయిన అమ్మాయికి

అమ్మాయీ,

టీమ్ చేతికి రాగానే మీటింగు పెట్టి "నన్ను నమ్మండి" అని మాత్రం చెప్పకు. నమ్మకం చిన్న చిన్న మాటలు నిలబెట్టుకుంటే వస్తుంది. ఎవరైనా సెలవు గురించో జీతంలో తేడా గురించో అడిగి, నీకు తెలియకపోతే "కనుక్కుని గురువారం చెబుతా" అను, వెంటనే రాసుకో. గురువారానికి జవాబు దొరక్కపోయినా వెళ్లి "ఇంకా తేలలేదు, సోమవారం మళ్లీ అడుగుతా" అని చెప్పు. చాలామంది జారిపోయేది ఇక్కడే. చెప్పడానికేమీ లేదు కదా అని ఊరుకుంటారు. అవతలివాళ్లకు అది మర్చిపోయినట్టే.

15 రోజులకోసారి ఒక్కొక్కరితో 20 నిమిషాలు విడిగా కూర్చో. పని లెక్కలు అప్పుడు అడగకు. "నీ పనికి ఏది అడ్డం పడుతోంది?" అని అడిగి, ఇక నువ్వు మాట్లాడకు. మొదట్లో "ఏమీ లేదు మేడమ్" అంటారు. నువ్వు వాయిదా వేయకుండా కూర్చుంటూ ఉంటే, మెల్లగా అసలు సంగతి బయటికొస్తుంది.

ఇక ఆత్మవిశ్వాసం. పొగిడితే పెరుగుతుందనుకుంటాం. 'నా వల్ల అవుతుంది' అనే ధైర్యానికి స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే అన్నిటికంటే గట్టి ఆధారమని, పక్కవాళ్ల మాటలకు అంత బలం లేదని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశాడు. అందుకే మొదలూ చివరా ఉన్న పని అప్పజెప్పు. షిఫ్టు పట్టిక వేయమన్నావనుకో, ఎప్పటికి కావాలో, వేటిని తనే మార్చవచ్చో, ఎక్కడ నిన్ను అడగాలో ముందే చెప్పు. తప్పుతో తెస్తే రాత్రి కూర్చుని నువ్వే దిద్దేయకు. పొద్దున్నే గోడమీద వేరే పట్టిక కనిపిస్తే, ఆ పట్టిక వేసినవాళ్లకు చేతకాదని పదిమందిలో అన్నట్టే. "శనివారం రాత్రి షిఫ్టు చేసినామెకే ఆదివారం పొద్దున్నా పడింది, చూడు" అని వెనక్కివ్వు. అరగంట పోతే పోనీ.

మెచ్చుకుంటే "సూపర్" అని వదిలేయకుండా ఏ పని ఎందుకు బాగుందో చెప్పు. తప్పు మాత్రం విడిగా, ఆ రోజే చెప్పు. పైవాళ్లకు పంపే మెయిల్లో పని చేసినవాళ్ల పేరు రాయి. ఎదురుగా లేనివాళ్ల గురించి మాట జారకు. విన్నవాడు నవ్వుతాడు గానీ, రేపు తన వంతని లోపల లెక్క వేసుకుంటాడు.

నీ తప్పైతే అందరి ముందూ ఒక్క ముక్కలో ఒప్పుకో: "ఆలస్యం నా వల్లే, రేపు పది గంటలకల్లా ఇస్తా." సంజాయిషీ సాగదీశావంటే వాళ్లే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ